చేతి మీద పేరు

జాలరిపేట, విశాఖపట్నం
కార్తీక మాసం

ఒరే అప్పలరాజూ,

మీ అప్ప గౌరీశ్వరిని రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలో "మిత్రునికి లేఖ రాయుము" అన్న ప్రశ్నకి తప్ప నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు, తప్పులుంటే నవ్వకు. జైలుకి వచ్చి మాట్లాడదామంటే ఆ జాలీకి ఇటుపక్క నిలబడ్డవాళ్ళంతా ఒకేసారి అరుస్తారు, ఎవరి మాట ఎవరికీ చేరదు. నువ్వు ఫోను చేస్తే "బాగున్నారా" అనేలోపే నీ వెనకున్నవాడు తొందరపెడతాడు. అయ్య పోయినప్పుడు పోలీసులతో వచ్చావు, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నావు, లేచి వెళ్ళిపోయావు. నీ పక్కనున్న తుపాకీని చూసి నేను దగ్గరికి రాలేకపోయాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

అయ్య తెప్ప బోల్తా పడ్డాక మనవాళ్ళు వెతకని చోటు లేదు. చివరికి పాయకరావుపేట అవతల ఏదో ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. నేనూ మీ బావా వెళ్ళాం. మొహం చూసి నేను గుర్తుపట్టలేదురా. నన్ను భుజాల మీద ఎక్కించుకు తిప్పిన మనిషిని గుర్తుపట్టలేకపోయాను. అక్కడి కానిస్టేబులు చెయ్యి తిప్పి చూపించాడు. మణికట్టు పైన "కాసులమ్మ" అని అమ్మ పేరు, పచ్చబొట్టు పొడిచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ పేరు పట్టుకునే అయ్యని ఇంటికి తెచ్చుకున్నాం. అది లేకపోతే దిక్కులేని శవమని అక్కడే ఇసకలో పూడ్చేసేవాళ్ళు.

ఆయన నీ మీద కోపంతో పోయాడని బెంగపెట్టుకోకు. నిన్ను జైల్లో వేయించిన ఆ వలల తగాదాలో అవతలి పేటవాళ్ళ బోటు తగలబడిన సంగతి ఎవరెత్తినా, "మా వోడు నిప్పెట్టనేదు, పక్కన నిలబడ్డాడంతే" అని చివరిదాకా అందరితోనూ కొట్లాడాడు.

ఇక అసలు సంగతి. మన ఇంట్లో వేటకెళ్ళే ప్రతి మగవాడి చేతి మీదా తల్లి పేరో పెళ్ళాం పేరో ఉంటుంది. నువ్వొక్కడివే తప్పించుకున్నావు. చిన్నప్పుడు ముత్యాలమ్మ పండక్కి పచ్చబొట్టు మనిషి వచ్చిందంటే బోర్లించిన తెప్ప కిందకి దూరి సాయంత్రందాకా బయటికి రాలేదు, గుర్తుందా? అమ్మ ఇప్పుడు ఒకటే మాట పట్టుకుంది. "పేరు నేకుండా ఆడు సంద్రం మీదకెల్తే నాను బతకనే, నాను సూడకుండా ఆణ్ని తెప్పెక్కనివ్వను" అని. సరిగ్గా అన్నం తినడం లేదు.

వేసవి చివర్లో నువ్వు బయటికొస్తావు. వేట నిషేధం కూడా అప్పుడే ఎత్తేస్తారు. అప్పుడు పొడిపించుకుంటే పచ్చిపుండుకి ఉప్పునీళ్ళు తగిలి కుళ్ళుతుంది, మానేదాకా ఒడ్డున కూర్చోవాలి. లోపల కూడా పొడిచేవాళ్ళు ఉంటారని మీ బావ అంటున్నాడు. అక్కడే పొడిపించేసుకో. నువ్వొచ్చేసరికి ఎంచక్కా మానిపోయి ఉంటుంది. పొడిపించుకున్నానని ఒక్క ముక్క రాయి, అమ్మకి చదివి వినిపిస్తాను.

సూదికి భయపడకు. మొగాడివి.

మీ అప్ప

*

జైలు, విశాఖపట్నం
డిసెంబరు

అప్పా,

ఈ ఉత్తరం తెచ్చినవాడి పేరు రఫీ. వన్‌టౌన్‌లో టైలరు, ఈరోజే విడుదల. లోపలి సంగతి పోస్టులో రాయకూడదని వీడి చేతికిచ్చాను. వాడికి టీ ఇవ్వు, ఎండు నెత్తళ్ళు కట్టివ్వు. వద్దు వద్దు అంటాడు, నమ్మకు.

అమ్మకి చెప్పు, అయిపోయింది. ఎడమ చేతి మీద, అయ్యకి ఉన్నచోటే. పొడిచినాయన పేరు జగ్గారావు. బయట ఉన్నప్పుడు గాజువాకలో లారీల మీద పేర్లు రాసేవాడట. అందుకే అక్షరాలు గుండ్రంగా, దూరం నుంచి కూడా చదువుకునేలా వచ్చాయి. "కింద హారన్ ప్లీజ్ అని కూడా రాయమంటావేట్రా?" అని ఒకటే నవ్వు.

ఇక్కడ ఇది చెయ్యకూడని పని. దొరికితే ఇద్దరికీ శిక్ష. బట్టలుతుక్కునే చోట మూలగా కూర్చుని చేస్తాడు. చీపురుపుల్లకి సూది కట్టుకున్నాడు, కాల్చిన చెప్పు మసి రంగు. ఆ రోజు ముగ్గురి తర్వాత నా వంతు. ఒకడు కూతురి పేరు, ఒకడు ఆంజనేయస్వామి, ఇంకొకడు ఎవరిదో పేరు పొడిపించుకుని అది ఎవరో చెప్పలేదు. నేను ఏడవలేదు. సరే, కొంచెం ఏడ్చాను, జగ్గారావు చూడనట్టు నటించాడు.

చెయ్యి వాచింది, తగ్గిపోతుంది. రాత్రుళ్ళు దుప్పటి కింద ఆ పేరు మీద చెయ్యేసుకుని పడుకుంటున్నాను. ఇంట్లో ఉన్నట్టే ఉంది. మంచి మాట చెప్పావు అప్పా.

నూకాలు ఎలా ఉంది? ఊరికే అడిగాను.

నీ తమ్ముడు

*

జాలరిపేట
సంక్రాంతి వెళ్ళాక

ఒరే మొగాడా,

నీ ఉత్తరం అమ్మకి చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివేటప్పటికి ఆ కాగితం నా చేతుల్లోంచి లాక్కుని, అక్షరం ముక్క రాని మనిషి, తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆ పూట కానాగడత చేపల పులుసుతో కడుపునిండా తింది. నీకు పుణ్యముంటుందిరా.

ఊరికే అడిగావా? ఊరికే చెబుతున్నాను, విను. మావయ్య కూతురు నూకాలు మన గుమ్మం ముందునుంచి రోజూ ఏదో పని పెట్టుకుని వెళ్తోంది. మొన్న పిలిచి, "మీ బావ సేతి మీద పేరు పొడిపించుకున్నాడే" అన్నాను. దాని మొహం చూడాలి! "ఎవురి పేరొదినా?" అంది. "అత్త పేరే తల్లీ, నీది పెళ్ళయ్యాక" అన్నాను. గంప నెత్తినెట్టుకుని పరుగు.

మావయ్య పెళ్ళి మాట ఎత్తాడు. నువ్వు రాగానే ముహూర్తం అన్నాం. మీ ఇద్దరికీ కొంటున్న కొత్త తెప్ప మీద మన అయ్య పేరే రాయిస్తానంటున్నాడు మీ బావ. రంగు నీలమా, ఎరుపా? నువ్వు చెబితే అదే వేయిస్తాను.

మీ అప్ప

*

జైలు
మార్చి

అప్పా,

పెళ్ళి మాట ఆపండి. నూకాలికి వేరే సంబంధం చూసుకోమని మావయ్యతో చెప్పు. నాకోసం ఆగొద్దని చెప్పు.

తెప్ప బావకే ఉంచుకోమను. బయటికొచ్చాక నేను దూరంగా పారాదీప్ రేవుకి వెళ్తాను. అక్కడి బోట్ల మీద పని దొరుకుతుందట.

కారణం అడక్కు. అమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

అప్పలరాజు

*

జాలరిపేట
మార్చి చివర

అప్పలరాజుకి,

నీకు ఎవరో ఏదో నూరిపోసినట్టున్నారు. నాలుగు ముక్కలు రాసి పడేస్తే సరిపోతుందా? ములాఖత్‌కి వస్తే ఒంట్లో బాగోలేదని కబురు పంపించి కలవలేదు. జైలు గేటు దగ్గరనుంచి సింహాచలం బస్టాండుదాకా ఏడుస్తూ నడిచాను, తెలుసా నీకు?

నూకాలు వచ్చి నా ముందు కూర్చుంది. "నానేటి తప్పు సేసానొదినా? ఆ ఒక్క ముక్క సెప్పమనండి, సాలు" అంది. "ఆడికి బుద్ధి తిరిగిపోయిందే" అన్నాను. ఇంకెవరో ఉండి ఉంటారని మీ బావ అంటే ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను.

నీమీద కోపంతోనే వేరే సంబంధం చూసుకోమని మావయ్యతో అనేశాను. ఆయన ఊరుకుంటాడా? పెందుర్తి సంబంధం ఖాయం చేసేశాడు. పిల్లాడు మేస్త్రీ పని చేస్తాడు. వచ్చేనెల పెళ్ళి. ఇప్పటికైనా ఏదో ఒకటి చెప్పు. కారణం ఉంటే నేను వెళ్ళి మావయ్య కాళ్ళు పట్టుకుంటాను.

అయ్య బతికుంటే నిన్ను చెవి పట్టుకుని అడిగేవాడు.

గౌరీశ్వరి

*

జైలు
ఏప్రిల్

అప్పా,

నీ ఉత్తరం చాలా రోజులు దిండు కింద పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను. నూకాలు పెళ్ళి అయిపోయి ఉంటుంది. అయిపోనీ అనే ఆగాను. ముందే చెబితే నువ్వు ఆపుతావని తెలుసు.

ఫిబ్రవరిలో ఇక్కడ ఆరోగ్య శిబిరం పెట్టారు. అందరి రక్తం తీశారు. తర్వాత నన్ను విడిగా పిలిచారు. నాకు హెచ్.ఐ.వి. ఉంది అప్పా. మనవాళ్ళు ఎయిడ్స్ అంటారు కదా, దానికి ముందుది. లోపలికి వచ్చిన కొత్తలో చేసిన పరీక్షలో లేదు. ఇప్పుడుంది.

డాక్టరుగారు కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగారు. మత్తు సూదులు పొడుచుకున్నావా అన్నారు. లేదన్నాను. ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా అన్నారు. తల దించుకుని లేదన్నాను. ఒకరి బ్లేడుతో ఒకరు గడ్డం గీసుకుంటారా అన్నారు. నా బ్లేడు నాదే అన్నాను. పచ్చబొట్టు ఏమైనా, అన్నారు. చెయ్యి చాపాను. ఆవిడ అమ్మ పేరు చదువుకుని కాగితం మీద రాసుకున్నారు. పచ్చబొట్ల సంగతి ఇప్పుడు పైవాళ్ళకీ తెలుసు, అందుకే పోస్టులోనే రాస్తున్నాను.

జగ్గారావుకీ ఉంది. ఆయనకీ తెలీదు, ఆ శిబిరంలోనే తెలిసింది. మందులిచ్చే గది దగ్గర ఎదురుపడి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆయన్ని ఏమనను? సూది ఒకటే, మనుషులం ఎంతోమందిమి. మాలో మత్తు సూదివల్ల వచ్చినవాళ్ళున్నారు, నువ్వూ బావా అనుమానించేలాంటి సంబంధాలవల్ల వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరం ఒకే వరసలో నిలబడి ఒకే మాత్ర మింగుతున్నాం. వాళ్ళని చూసి మొహం తిప్పుకోవడం నాకు చేతకాదు.

మాత్ర రోజూ వేసుకుంటే చాలాకాలం బతుకుతానన్నారు. బతకడం గురించి కాదు నా భయం. పేట చిన్నది. ఎవరికో ఒకరికి తెలుస్తుంది. నా చేతి నీళ్ళు తాగరు, నేను పట్టిన చేప నీ గంపలో ఉంటే కొనరు. అమ్మ బతికున్నన్నాళ్ళూ తలెత్తుకు తిరగాలి. అందుకే పారాదీప్ పోతానన్నాను. అమ్మకి చెప్పకు.

అప్పలరాజు

*

జాలరిపేట
వేట నిషేధంలో

తమ్ముడూ, నా బంగారు తమ్ముడూ,

బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. పేటలో పనీ పాటా లేదు, ఎవరిని చూసినా ఖాళీగా కూర్చుని ఉన్నారు. నేనొక్కదాన్నే తిరగని చోటు లేదు.

ముందు ఈ మాట రాయనీ. పొడిపించుకో అని రాసింది నేను. అక్కడే పొడిపించేసుకో అన్నది నేను. ఉప్పునీళ్ళని, మానిపోతుందని, పెద్ద తెలివైనదానిలా లెక్కలు వేసింది నేను. సూదికి భయపడకు, మొగాడివి అని కూడా రాశాను కదరా. నీ భయమే నిన్ను కాపాడేది. చిన్నప్పుడు తెప్ప కింద దూరినట్టు ఇప్పుడూ ఎక్కడో దూరి ఉంటే ఎంత బాగుండేది. అన్నం కలుపుకుంటే ఆ ఉత్తరం గుర్తొస్తోంది, ముద్ద దిగడం లేదు. ఆ సూది పట్టుకుని పొడిచింది నేనేననిపిస్తోంది.

పెద్దాసుపత్రికి వెళ్ళాను. నీ పేరు చెప్పలేదు, మా చుట్టాల్లో ఒకరికి అన్నాను. అనూరాధ మేడం అని సలహాలు చెప్పే ఆవిడ ఉన్నారు. నమ్మలేదనుకుంటాను, కానీ ఏమీ అడగలేదు. కలిసి తింటే రాదు, ఒక మంచం మీద పడుకుంటే రాదు, దోమ కుడితే రాదు అని ఒక్కొక్కటీ చెప్పారు. మాత్ర తప్పకుండా వేసుకుంటే కొన్నాళ్ళకి రక్తంలో అది కనపడనంత తగ్గిపోతుందట, అప్పుడు భార్యకి కూడా అంటదట. పెళ్ళి చేసుకోవచ్చట, పిల్లల్ని కనొచ్చట, చేసుకోబోయే పిల్లకి ముందే అన్నీ చెప్పి, ఆమె సరేనంటే. నూకాలు పెళ్ళికి ముందు వారం నేను ఈ మాట విని ఉంటే!

దానికి చెబితే ఒప్పుకునేదో, భయపడి పారిపోయేదో. ఏదైనా అది దాని నోటితో అనాల్సిన మాట. నువ్వు చెప్పలేదు, నేను కోపంలో అడగలేదు. పెందుర్తి వెళ్ళేటప్పుడు ఆటోలో కూర్చుని మన ఇంటి వైపు చూసింది.

పారాదీప్ మాట మళ్ళీ ఎత్తావంటే నేనే అక్కడికొచ్చి నిన్ను ఈడ్చుకొస్తాను. అయ్య ఎక్కడో ఒడ్డున పడి ఉంటే ఆ పేరు చూసి ఇంటికి పంపారు. నీ చేతి మీదా ఆ పేరే ఉంది. నువ్వు ఎక్కడికి పోతావు?

నన్ను తిట్టు. తిడుతూ ఒక ఉత్తరం రాయి. తిట్టకుండా ఉంటే తట్టుకోలేను.

మీ అప్ప

*

జైలు
మే

అప్పా,

తిట్టను. తిట్టాల్సింది నిన్ను కాదు. ఇన్నాళ్ళూ సిగ్గుతో దాచిన సంగతి ఒకటుంది. ఇప్పుడు దాస్తే నువ్వు అన్నం మానేస్తావు.

అమ్మ పేరు పొడిచినప్పుడు ముగ్గురి తర్వాత నా వంతు అని రాశాను. నిజమే. కానీ నా వంతు వచ్చేసరికి రఫీ కొత్త సూది ఇచ్చాడు. టైలరు కదా, కాలరు మడతలో దాచుకుని ఉంచాడు. "అమ్మ పేరు కదరా, పాత సూది దేనికి" అన్నాడు. ఆ సూదితోనే పొడిచాడు జగ్గారావు. అందులో ఏమీ లేదు.

నువ్వు పెళ్ళి కబురు రాశాక నాకు మనసు ఆగలేదు. "నీది పెళ్ళయ్యాక" అని నూకాలితో అన్నావు కదా. నేను ఆగలేక జబ్బ మీద, చొక్కా చేతి కిందకి వచ్చేచోట, దాని పేరు కూడా పొడిపించుకున్నాను. అప్పటికి రఫీ వెళ్ళిపోయాడు. కొత్త సూది ఎవరిస్తారు? జగ్గారావు పాతదే వాడాడు. వచ్చింది దానివల్ల. నా తొందరవల్ల. నువ్వు చెప్పిన పేరువల్ల కాదు, నువ్వు చెప్పకుండా నేను పొడిపించుకున్న పేరువల్ల. అర్థమైందా?

ఇంక ఏడవకు. అన్నం తిను. పెళ్ళయిపోయిన పిల్ల పేరు, ఎవరితోనూ అనకు. ఇంటికొస్తాను. తెప్పకి నీలం రంగు వేయించు.

నీ తమ్ముడు

*

జాలరిపేట, మన ఇల్లే
వేట మొదలయ్యాక

తమ్ముడూ,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఎదురుగా నిలబడితే నువ్వు ఇంకో అబద్ధం చెబుతావు, నేను నమ్మేస్తాను. అందుకే రాసి క్యారేజీలో పెడుతున్నాను. తెప్ప మీద, బావ ఇంజను దగ్గరున్నప్పుడు చదువుకో.

నువ్వు వచ్చినప్పటినుంచీ పొడుగు చేతుల చొక్కాతోనే తిరుగుతున్నావు. ఎండ వల్లనుకున్నాను. నిన్న పెరట్లో స్నానం చేస్తూ వీపు రుద్దమని అమ్మని పిలిచావు. అమ్మ నడుం పట్టేసి నన్ను పంపింది. నేనొచ్చానని నీకు తెలీదు, కళ్ళలో సబ్బు పడి మూసుకున్నావు. ఎడమ జబ్బ చూశాను. కుడి జబ్బ చూశాను. వీపు చూశాను, గుండెల మీద చూశాను. ఎక్కడా ఏమీ లేదురా. మణికట్టు పైన ఒక్క పేరే ఉంది. రుద్దకుండానే చెంబు అక్కడ పెట్టి లోపలికి వచ్చేశాను.

నా తమ్ముడు నాకోసం అంత పెద్ద కథ అల్లాడు. రఫీ కాలరులో సూది కూడా పెట్టాడు. ఆ కథ వల్ల నేను అన్నం తిన్నాను. నిద్రపోయాను. నీకు అది తెలియాలి, నువ్వు చేసింది పనిచేసింది.

కానీ ఇంకోటి కూడా చేసింది. నీ ఉత్తరం వచ్చిన కొత్తలో ముత్యాలమ్మ పండక్కి నూకాలు మొగుడితో వచ్చింది. గుడి దగ్గర నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, "ఒదినా, బావ ఎలాగున్నాడు?" అంది. నా కళ్ళకి అది నీ జబ్బ మీద పేరులా కనపడింది. దీని పేరువల్లే కదా నా తమ్ముడికి ఇలా అయింది అనుకున్నాను. జవాబు చెప్పకుండా మొహం తిప్పుకున్నాను. అది అలాగే నిలబడిపోయింది, చేతిలో కొబ్బరిచిప్పతో. దాని తప్పు ఏమీ లేదు. ముందు నువ్వు దాని మంచి నువ్వే నిర్ణయించేశావు, తర్వాత నేను నా తప్పు దాని నెత్తినెట్టాను. అది ఇద్దరి దగ్గరా ఒక్క మాట కోసం నిలబడింది, మనిద్దరం చెప్పలేదు.

రేపు పెందుర్తి వెళ్తాను. నీ జబ్బు సంగతి చెప్పను, అది నువ్వు చెప్పాల్సినది. ఆ రోజు తప్పు నాదని, దానిది కాదని చెప్పి చేతులు పట్టుకుంటాను. తిడితే పడతాను.

నువ్వు మళ్ళీ నాకోసం ఏమీ అల్లొద్దు. నీ చేతి మీద ఉన్న పేరు నేను రాయించిందే. అది నాది, నాకు వదిలెయ్యి. నేను మోస్తాను. అమ్మ మాత్రం నీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రోజూ ఆ అక్షరాలు తడుముకుంటోంది, ఆవిణ్ని అలాగే ఉండనీ.

మాత్రల డబ్బా కవరులో చుట్టి అన్నం గిన్నె కింద పెట్టాను, తడి తగలదు. చీకటి పడ్డాక తిని వేసుకో.

మీ అప్ప